ధర్మపురి ప్రాంతపు ఇంటివంట: ఋతువు, పిండి, నిప్పు

జగిత్యాల జిల్లాలోని ధర్మపురి గోదావరి కుడిగట్టున వెలసిన నరసింహక్షేత్రం. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోకముందు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. నది దాటితే మంచిర్యాల జిల్లా, అంటే పాత ఆదిలాబాద్. రెండు గట్ల ఊళ్ళ మధ్య పంటలూ పెళ్ళిసంబంధాలూ ఎప్పటినుంచో కలిసే ఉన్నాయి కాబట్టి ఇక్కడి ఇంటివంటను కూడా కలిపి చూడటమే సబబు. ఋతువును బట్టి వండుకోవడం అనగానే వంటల పుస్తకాలు సాధారణంగా కూరగాయల పట్టిక ఇస్తాయి: ఏ నెలలో ఏ కాయ, ఏ నెలలో ఏ ఆకు. ధర్మపురి చుట్టుపక్కల ఇళ్ళను చూస్తే ఆ పట్టిక సగం సంగతే చెబుతుంది. ఇక్కడ కాలం వంటింట్లోకి ముఖ్యంగా పిండి ద్వారా వస్తుంది. గింజ కొత్తదా పాతదా, గాలిలో తేమ ఎంత, పొయ్యి దగ్గర ఎంతసేపు కూర్చోగలం అనే మూడు విషయాలు ఏడాదిలో ఎప్పుడు ఏం వండాలో నిర్ణయిస్తూ వచ్చాయి. ఈ దృష్టితో చూస్తే ఇంకో విషయం కూడా బయటపడుతుంది. ఓవెన్ లేని ఈ ఇళ్ళలో పిండిని కాల్చి తినే పద్ధతి బాగా ఎదిగింది, దానికి దాని సొంత శాస్త్రం ఉంది.

ముందు నేల సంగతి. వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరులోపు కురుస్తుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. చలికాలంలో ఆదిలాబాద్ ఏజెన్సీ ఊళ్ళలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడిపోతుంది. వానాకాలం పంట వరి, మక్క, పసుపు, నువ్వులు. యాసంగిలో జొన్న, శనగ, పల్లీ, కాలువ నీళ్ళు వచ్చాక మళ్ళీ వరి. జగిత్యాల పక్కన చల్‌గల్‌లో పెద్ద మామిడి మార్కెట్ ఉంది. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడేదాకా చెరకు కూడా ఈ ప్రాంతపు ముఖ్యపంటల్లో ఒకటి. పండుగల వరుసను ఈ పంటల వరుస పక్కన పెట్టి చదివితే పొంతన స్పష్టంగా కనిపిస్తుంది.

సంక్రాంతితో మొదలుపెడదాం. ఆ పండుగకు సకినాలు చేయని ఇల్లు కరీంనగర్ వైపు అరుదు. సకినానికి కొత్త బియ్యం కావాలంటారు పెద్దలు. అది ఆచారం కోసం పెట్టిన నియమమే అనుకుంటే పొరపాటు. బియ్యం నిలవ ఉన్నకొద్దీ గట్టిపడుతుంది. వండితే ఎక్కువ నీళ్ళు తాగి పొడిపొడిగా పొంగుతుంది, జిగురు తగ్గుతుంది. అన్నానికి ఇది మంచి గుణం, అందుకే పాత బియ్యానికి ధర ఎక్కువ. చుట్టలు తిప్పే పిండికి మాత్రం జిగురే ప్రాణం. గోధుమలో గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తు ఉంటుంది, బియ్యంలో అది లేదు. సకినాన్ని కలిపి ఉంచేవి బియ్యపు జిగురూ తడీ మాత్రమే. వానాకాలం వరి నవంబరు, డిసెంబరుల్లో ఇంటికి చేరుతుంది. సంక్రాంతికి ఆ బియ్యం సరిగ్గా జిగురు పోని వయసులో ఉంటుంది. అంటే ఒకే ఇంట్లో ఒకే వారంలో అన్నానికి నిరుటి బియ్యం, సకినాలకు ఈ ఏటి బియ్యం వాడటం వెనుక గింజ గురించి కచ్చితమైన తెలివి ఉంది.

సకినాలు చేసే పని దగ్గరగా చూస్తే ఆ తెలివి ఇంకా బాగా అర్థమవుతుంది. బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంచి, గుడ్డమీద కాసేపు ఆరనిచ్చి, లోపలి తడి పోకముందే గిర్నికి తీసుకెళ్ళి పట్టిస్తారు. ఆ తడిపిండిలో నువ్వులు, ఓమ, ఉప్పు వేసి మెత్తగా కలుపుతారు. నేలమీద తెల్లటి నూలుగుడ్డ పరిచి, పిండిని వేళ్ళ మధ్యనుంచి సన్నటి తాడులా వదులుతూ, మెలిపెడుతూ, చుట్టు పక్కన చుట్టు వేస్తారు. వేసిన వెంటనే నూనెలోకి పోవు. గుడ్డ కాస్త తడి పీల్చుకోవాలి. పచ్చిగా ఉన్నప్పుడు ఎత్తితే సాగిపోతాయి, ఎక్కువ ఆరితే చిట్లుతాయి, తడి మిగిలితే మూకుట్లో నూనె తాగుతాయి. ఎత్తే సమయం తెలిసిన చేతికే సకినం చెక్కుచెదరకుండా అట్లకాడ మీదికి వస్తుంది. గుడ్డ ఎంతసేపట్లో ఎంత తడి పీల్చుతుందన్నది ఆనాటి గాలి మీద ఆధారపడిన విషయం. పుష్యమాసపు పొడిగాలిలో ఈ పని నిలకడగా జరుగుతుంది. శ్రావణంలో అదే పిండి, అదే గుడ్డ, అవే చేతులు ఉన్నా పని అంత సుళువుగా సాగదు, కాల్చినవి కూడా డబ్బాలో మెత్తబడతాయి. నెలరోజులు నిలవుండే కరకరలాడే పిండివంటలన్నీ, సకినాలు, మురుకులు, గరిజలు, చలికాలానికి చేరడానికి ఇదే ముఖ్యకారణం.

చలి తగ్గేసరికి శనగ, జొన్న కోతకు వస్తాయి, కొత్తబెల్లం అప్పటికే ఇంట్లో ఉంటుంది. ఉగాదికి భక్ష్యాలు రావడం శనగ, బెల్లాల కలయిక. పోలెలని, బచ్చాలని కూడా పిలిచే ఈ వంటలో శనగపప్పు ఉడికించి బెల్లంతో రుబ్బిన పూర్ణాన్ని గోధుమపిండి లేదా మైదా పొరలో పెట్టి పెనంమీద కాలుస్తారు. పొరుగున మహారాష్ట్రలో పురన్‌పోళీ పేరుతో ఇదే హోలీకి ప్రధానవంట. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, మామిడికాయ ఉన్నాయి కదా, అక్కడ కాలం చెట్టునుంచి వచ్చింది కదా అని అడగవచ్చు. నిజమే. చింతచిగురు పప్పు, మామిడి తొక్కు, పుంటికూర కూడా అలాంటివే. వాటిని ఈ వ్యాసం తక్కువ చేయడం లేదు. కానీ పళ్ళెంలో వాటి స్థానం చూడాలి. చింతచిగురు దొరకని వారం ఇంటి భోజనం రూపం మారదు, పప్పులో ఇంకో పులుపు పడుతుంది. జొన్నపిండి అయిపోతే ఆ పూట భోజనమే మారిపోతుంది.

ఎండలు ముదిరాక వంట లెక్క పిండినుంచి నిప్పు వైపు జరుగుతుంది. 45 డిగ్రీల ఎండలో పొయ్యి ముందు గంటసేపు కూర్చోవడం ఎవరికైనా శిక్షే. ఈ కాలపు వంటలన్నీ నిప్పును తప్పించుకునేవి, లేదా తెల్లవారుజామునే ముగించేవి. జొన్నపిండిని గంజిలా కాచి రాత్రంతా పులియనిచ్చి పొద్దున మజ్జిగ, ఉల్లిగడ్డతో తాగే అంబలి అలాంటిది. ఆ వేడిలో పులియడం కూడా తొందరగా జరుగుతుంది. పచ్చిపులుసుకైతే పొయ్యే అక్కరలేదు: చింతపండు పిసికిన నీళ్ళు, కోసిన ఉల్లిగడ్డ, కారం, ఉప్పు, కాస్త వేయించిన నువ్వుల పొడి. ఎండకే వంట అప్పగించే పనులు, పిండి వడియాలు, చల్లమిరపకాయలు, మామిడి తొక్కు, ఈ నెలల్లోనే సాగుతాయి. నది అవతల ఆదివాసీ గూడేల్లో మార్చి, ఏప్రిల్ నెలలు ఇప్పపువ్వు కాలం. రాత్రి రాలిన పువ్వును తెల్లారి ఏరి, ఎండబెట్టి, జొన్నపిండితో కలిపి రొట్టె చేయడం, ఉడికించి తినడం గోండుల పాత అలవాటు. కొత్తగా వచ్చిన పువ్వునైనా ధాన్యాన్నైనా ముందు దేవుళ్ళకు పెట్టి తర్వాతే తినాలన్న కట్టుబాటు వారిలో గట్టిగా ఉంది. 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వారి జీవితాన్ని వివరంగా నమోదు చేశాడు. ఇవాళ ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు.

వానాకాలం మొదలవుతూనే తొలి ఏకాదశి వస్తుంది, ఆ రోజు పేలాల పిండి తింటారు. జొన్నలను వేడి మంగలంలో పేల్చి, దంచి, బెల్లం కలిపినది ఇది. యాసంగి జొన్న అప్పటికి ఇంట్లో ఎండి నిలవుంటుంది, వానల తేమ ఇంకా గింజకు పట్టి ఉండదు. పేలాలు పేలాలంటే గింజలో తేమ సరైన పాళ్ళలో ఉండాలి, తడిసిన గింజ పేలదు. భాద్రపదం నాటికి మక్కకంకులు పాలుపోసుకుంటాయి. పచ్చిమక్కలను రుబ్బి, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేసి చేసే మక్కగారెలకు ఆ రెండు మూడు వారాలే కాలం. గింజ ముదిరితే పాలు పిండిగా మారిపోతాయి, గారె గట్టిపడుతుంది. ఇవి నిలవకు పనికిరావు, వేడిగా అప్పుడే తినాలి. నిలవుండే వంట చలికాలానికి, అప్పటికప్పుడు తినే వంట వానాకాలానికి అన్న విభజన ఇక్కడా కనిపిస్తుంది.

కాలం వంటింట్లోకి పిండి ద్వారా వస్తుందన్న వాదానికి అన్నిటికంటే బలమైన సాక్ష్యం బతుకమ్మ. 2014లో రాష్ట్రపండుగ అయిన ఈ తొమ్మిది రోజుల పండుగ పూలది, తంగేడుది, గునుగుది. పేర్చేది పూలను, నైవేద్యం పెట్టేది గింజను. రెండోనాడు అటుకుల బతుకమ్మ, నాలుగోనాడు నానబియ్యం, ఐదోనాడు అట్లు. ఏడోనాటి వేపకాయలు కూడా బియ్యప్పిండిని వేపకాయ ఆకారంలో చేసి నూనెలో వేయించినవే. చివరినాడు సద్దులు: నువ్వుల సద్ది, పెరుగు సద్ది, కొబ్బరి సద్ది, చింతపండు పులిహోర. వాటితోపాటు సత్తుపిండి, మలీద ముద్దలు. రోజులకే ధాన్యపు రూపాల పేర్లు పెట్టుకున్న పండుగ ఇది. ఇందులో మలీదను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జొన్న, సజ్జ లేదా గోధుమ రొట్టెలను కాల్చి, చేత్తో నలిపి మళ్ళీ పొడి చేసి, బెల్లం, నెయ్యి వేసి ముద్దలు కడతారు. కాల్చిన రొట్టెను మళ్ళీ పిండిగా వాడుకునే ఈ పద్ధతి వల్ల పచ్చిపిండి వాసన పూర్తిగా పోతుంది, రుచికి కమ్మదనం వస్తుంది.

ఇక కాల్చే పద్ధతుల దగ్గరికి వద్దాం. ఇక్కడి వంటలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే భాగం ఇదే, దీని గురించి రాసినవాళ్ళు తక్కువ. జొన్నరొట్టెకు పిండిని మరిగే నీళ్ళతో కలుపుతారు. ఆ వేడికి పిండిపదార్థంలో కొంతభాగం ఉడికి జిగురవుతుంది, గ్లూటెన్ లేని లోటు అలా తీరుతుంది. అరచేత్తో తట్టి, పెనంమీద వేసి, పైన తడిచేత్తో నీళ్ళు అద్ది, తిప్పి, చివర నిప్పులమీద పొంగిస్తారు. నెలలతరబడి నిలవున్న జొన్నపిండి అంచుల్లో పగులుతుంది, తట్టనివ్వదు. అందుకే జొన్నలు నిలవ పెట్టుకుంటారు గానీ పిండి కొంచెం కొంచెంగానే పట్టించుకుంటారు. గింజ ఏడాదంతా ఉన్నా పిండికి మాత్రం వారాల ఆయుష్షే.

సర్వపిండి ఇంకా ఆసక్తికరం. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, ఎల్లిపాయ, కల్యామాకు, కారం, ఉప్పు వేస్తారు. చలికాలంలో ఉల్లాకు, దొరికినప్పుడు సోరకాయ తురుము చేరుతుంది. సోరకాయ వేస్తే నీళ్ళు తక్కువ పోయాలి, తురుమే తడి ఇస్తుంది. ఈ ముద్దను నూనె రాసిన సర్వ అనే గుండ్రటి గిన్నె లోపల, అడుగునుంచి పక్కలదాకా పలుచగా అద్ది, వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలో నూనెచుక్క వేసి, మూతపెట్టి సన్నసెగమీద ఉంచుతారు. మధ్యలో తిప్పే పని లేదు. అడుగు ఎర్రగా కాలుతుంటే, పిండిలోని నీళ్ళు ఆవిరై మూతకింద తిరిగి పైభాగాన్ని ఉడికిస్తాయి. రంధ్రాలు ఆవిరికి దారి ఇస్తాయి, నూనె అడుగుకు చేరే దారి కూడా అవే. ఒకటి తీశాక రెండోది అద్దాలంటే వేడి సర్వలో చెయ్యి పెట్టలేరు కాబట్టి గిన్నెను నీళ్ళలో ఉంచి చల్లార్చి మళ్ళీ మొదలుపెడతారు, లేదా రెండు గిన్నెలు మార్చిమార్చి వాడతారు.

ఇది బేకింగ్ కిందికి రాదని, నూనె రాసిన గిన్నెలో కాల్చడమేనని ఒక అభ్యంతరం ఉంది. దానిలో కొంత నిజం ఉంది. ఓవెన్‌లో వేడి అన్నివైపుల నుంచీ వస్తుంది, పైపొర కూడా ఎర్రబడుతుంది. సర్వపిండి పైభాగం ఎర్రబడదు. అయితే వేడి మూసిన గిన్నెలో, బయటి నీళ్ళు లేకుండా, పిండిలోని తేమే ఆవిరై పిండిని వండటం అనే మూలసూత్రం రెండింటికీ ఒకటే. యూరప్‌లో, అమెరికాలో మూతమీద కూడా నిప్పులు పోసే బరువైన ఇనుపగిన్నెల్లో తరతరాలుగా రొట్టె కాల్చుకున్నారు, దాన్ని బేకింగ్ కాదని ఎవరూ అనలేదు. 2006లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో మార్క్ బిట్‌మన్ పరిచయం చేసిన బేకర్ జిమ్ లేహీ రొట్టె ఇళ్ళలో అంత ఆదరణ పొందడానికి ఒక కారణం, ముద్దను మూతగిన్నెలో పెట్టి దాని ఆవిరిని దానికే పట్టించడం. తెలంగాణ ఇళ్ళలో ప్రెషర్ కుక్కర్ అడుగున ఉప్పో ఇసుకో పోసి, విజిల్, గాస్కెట్ తీసేసి కేకు చేసుకుంటున్న గృహిణులు కొత్త విద్య నేర్చుకున్నామనుకోవచ్చు. సన్నసెగ, మూత, తేమల లెక్క వాళ్ళకు సర్వ దగ్గరే తెలుసు.

ఇంకో అభ్యంతరం మరింత గట్టిది. ఇప్పుడు ఋతువు ఎక్కడుంది? 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ వచ్చాక ఈ ప్రాంతం రెండు కార్లూ వరి పండించే నేల అయింది. పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు వరిరకం ఊరూరా పాకింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక జొన్నరొట్టె, మక్కగట్క తినే ఇళ్ళలో కూడా మూడుపూటలా అన్నమే అయింది. ఇది జరిగిన మార్పే, దాన్ని కాదనలేం. కానీ ఆ మార్పు ఎక్కడ ఆగిందో చూస్తే మన వాదం బలపడుతుంది. రోజువారీ అన్నంలో ఋతువు చెరిగిపోయింది. పిండివంటల్లో చెరగలేదు. యాసంగి వరి వేసవిలో ఇంటికొచ్చి అప్పుడు కూడా కొత్తబియ్యం దొరుకుతున్నా, వైశాఖంలో ఇంటిల్లిపాదీ కూర్చుని సకినాలు చుట్టరు. గాలి, వేడి మారలేదు గనుక అలవాటూ మారలేదు. పండుగతిథి కూడా కారణమే, అయితే ఆ తిథికి ఈ వంటే ఎందుకు కుదిరిందన్న ప్రశ్నకు జవాబు బియ్యం వయసులోనూ గాలి తేమలోనూ ఉంది.

పాతవంటను పొగడటం అంటే పేదరికాన్ని పొగడటమే అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. గట్క, అంబలి చాలా ఇళ్ళలో ఇష్టంతో తిన్నవి కావు, బియ్యం కొనలేక తిన్నవి. ఇప్పపువ్వు ఎన్నో గూడేల్లో కరువుకాలపు ఆసరా. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక జొన్నకు పట్నంలో గౌరవం వచ్చింది, ధర కూడా పెరిగింది. పల్లెలో జొన్న మానేసినవారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వంట శ్రమ సంగతి కూడా అంతే. విసుర్రాయి తిప్పింది, దంచింది, పొగలో కూర్చుంది ఆడవాళ్ళే. గిర్ని, గ్యాస్‌పొయ్యి వాళ్ళకు నిజమైన ఉపశమనం ఇచ్చాయి. ఇక్కడ మెచ్చుకోవలసింది లేమిని కాదు, ఆ లేమిలోనే వాళ్ళు గింజ గుణాన్ని ఇంత నిశితంగా కనిపెట్టి పెట్టుకున్న జ్ఞానాన్ని. రొట్టెకు మరిగే నీళ్ళు, సకినానికి కొత్తబియ్యం, సర్వకు సన్నసెగ అన్నవి డబ్బుతో సంబంధం లేకుండా నేటికీ పనికొచ్చే సంగతులు.

ఇవాళ కరీంనగర్‌లో, జగిత్యాలలో పిండివంటల దుకాణాలు ఏడాది పొడవునా సకినాలు, సర్వపిండి అమ్ముతున్నాయి. ఈ జిల్లాలనుంచి గల్ఫ్ దేశాలకు వలసవెళ్ళినవాళ్ళు చాలామంది, వాళ్ళ పెట్టెల్లో సకినాలు, గరిజలు, తొక్కులు తప్పక ఉంటాయి. సకినాలు, గరిజలు తేమ తక్కువ ఉండటం వల్లనే ఆ ప్రయాణానికి తట్టుకుంటాయి. దుకాణం ఏడాదంతా అమ్మగలగడానికి కారణం గాలి చొరని ప్లాస్టిక్ సంచి, అంటే కృత్రిమంగా చేసుకున్న పుష్యమాసం. కాబట్టి అది కూడా ఈ సూత్రానికి లోబడే ఉంది. కొరత ఉన్నది రాతలో. సకినాల తయారీ గురించి రాసేవాళ్ళు బియ్యం రెండు గ్లాసులు, నువ్వులు పావు గ్లాసు అని కొలతలు ఇస్తారు గానీ బియ్యం ఏ కారుదో, కోసి ఎన్ని నెలలైందో, పిండి ఏరోజు పట్టించిందో రాయరు. ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ పిల్లలు డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో సూపర్‌మార్కెట్ పొడిపిండితో ప్రయత్నించి, చుట్ట విరిగిపోతే చెయ్యి తిరగలేదనుకుంటున్నారు. వాళ్ళ చేతిలో తప్పేం లేదు. ఎప్పుడో ఎండబెట్టి పట్టిన పాతబియ్యపు పిండి అది. బియ్యం నానబెట్టి ఇంట్లోనే మిక్సీలో తడిపిండి చేసుకుంటే తేడా మొదటి చుట్టులోనే తెలుస్తుంది. ఈ ప్రాంతపు వంటకాలను ఇకమీద నమోదు చేసేవారు గింజ వయసును కూడా ఒక కొలతగా రాయాలి.